ల్యాండ్‌మాస్టర్ పక్కన నిలబడిన రోజు

ఆల్బమ్ పేజీ మీది ప్లాస్టిక్ పొరను గోటితో లేపితే, జిగురు వదులుతున్న చప్పుడుతోపాటు, ఎండలో నిలిపిన కారు తలుపు తీసినప్పుడు రెక్సిన్ సీట్లలోంచి వచ్చేలాంటి వాసన ఒకటి వస్తుంది. ఈ మధ్య ఇల్లు మారుతూ బీరువా సర్దుతుంటే ఆ ఆల్బమ్ చేతికి తగిలింది. అందులో మా ఇంటి మొదటి కలర్ ఫొటో ఉంది. వెనక పాత ల్యాండ్‌మాస్టర్ కారు, ముందు మేం నలుగురం. నాన్న బానెట్ మీద ఒక చెయ్యి ఆనించి నిలబడ్డాడు, అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుంది, పండక్కి కుట్టించిన బుట్టచేతుల గౌనులో నేను కళ్ళు చికిలించి ఎండలోకి చూస్తున్నాను. ఆనాటి కలర్ ఫొటోలకు పట్టిన జబ్బే దీనికీ పట్టింది. పచ్చా నీలం వెలిసిపోయి ఎరుపు ఒక్కటే మిగిలి, అమ్మ నీలం చీర, నాన్న తెల్లచొక్కా, మా మొహాలు, అన్నిటి మీదా ఇటుకపొడి చల్లినట్టు ఉంది. ఆ కారు చిలకాకుపచ్చదని చెబితే మా పిల్లలు నమ్మరు. ఆ రంగు కలిపింది మా నాన్న. ఆ రంగు పక్కన నిలబడినందుకే మేం ఊరు విడిచాం.

కారంపూడికి నాలుగైదు మైళ్ళ దూరంలో, గురజాల పోయే తారురోడ్డు పక్కన, మా ఊరి చివర నాన్న మెకానిక్ షెడ్డు ఉండేది. చుట్టూ నాపరాళ్ళ గోడ, పైన రేకులు, లోపల మనిషి దిగి పని చేసుకునే గొయ్యి, వెనక మేముండే ఒక గదీ వంటపాకా. వేసవిలో మిరప కళ్ళాల ఘాటు గాలితో కొట్టుకొచ్చి ఆయిల్ వాసనలో కలిసి అందరినీ తుమ్మించేది. పత్తి తీతల రోజుల్లో దూదిపింజలు ఎగిరొచ్చి గ్రీజు డబ్బాలో అతుక్కుంటే నాన్న విసుక్కుంటూ ఒక్కొక్కటే ఏరేవాడు. వానలకు నల్లరేగడి జీపు చక్రాలకు జానెడు మందాన పట్టి, దాన్ని గీకి పోసిన చోట మర్నాటికల్లా గడ్డి మొలిచేది. మేం దూదేకులవాళ్ళం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. రంజాన్ నాడు సేమ్యా పాయసం తినిపించే నాన్న వేళ్ళకు నేతి వాసన కింద కిరసనాయిలు వాసన ఉండేది, ఎంత రుద్దినా పోయేది కాదు. మధ్యాహ్నాలు ఆడపిల్లలం రేకుల నీడలో వామనగుంటలు ఆడేవాళ్ళం. చింతగింజల బదులు అరిగిన బేరింగుల్లోంచి తీసిన ఉక్కు గుండ్లు మావి. కారు వచ్చిందంటే ఆట వదిలేసి చక్రాల నడుమ మెరిసే పళ్ళేల దగ్గర గొంతుక్కూర్చుని, అందులో గుమ్మడికాయలా ఉబ్బిన మా ముక్కులు చూసుకుని నవ్వుకునేవాళ్ళం.

ఊళ్ళో కార్లు రెండే. తూర్పు బజారు పెద్దాయన ఇంట్లో ఒకటి, పడమటి బజారు పెద్దాయన ఇంట్లో ఒకటి. వాళ్ళిద్దరికీ పడదు, వాళ్ళ వెనకున్న చెరి సగం ఊరికీ పడదు. కొట్లాట కేసుల వాయిదాలకు రెండు బజార్లవాళ్ళూ ఒకే రోజున గురజాల కోర్టుకు పోయి, ఒకే హోటల్లో వేర్వేరు బల్లల మీద టిఫిన్లు తిని, చీకటి పడకముందే వేర్వేరు దారుల్లో ఊరు చేరేవాళ్ళు. మా దగ్గర ఒకరి కారెక్కడమంటే వాళ్ళ పార్టీ ఎక్కడమే. రెండు బజార్లకూ పనికొచ్చేది మంత్రసాని, పోస్ట్‌మాన్, మా నాన్న, ఈ ముగ్గురే అని ఊళ్ళో నవ్వులాటకి అనుకునేవాళ్ళు. నాన్న మటుకు దాన్ని నవ్వులాటగా తీసుకోలేదు. ఒకసారి నాకు జ్వరమొచ్చి ఒళ్ళు కాలిపోతూ కళ్ళు తెరవకుండా పడి ఉంటే, బాగుచేసిన కారు తాళంచెవితో సహా షెడ్డులోనే ఉన్నా, నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టి, తువ్వాలుతో తన నడుముకు కట్టుకుని, కారంపూడి ఆస్పత్రిదాకా తొక్కాడు. ట్రయల్‌కని తిప్పితే ఎవరడుగుతారని అమ్మ ఆ తర్వాత చాన్నాళ్ళు ఎత్తిపొడిచింది.

"అడగరే. చూస్తారు," అన్నాడు నాన్న.

పడమటి బజారు తెల్ల అంబాసిడర్‌కు డ్రైవరు కోటయ్య మామ. పొడుగ్గా, సన్నగా, ఖాకీ చొక్కా జేబులో బీడీకట్టతో ఉండేవాడు. నాన్నను బావా అనీ అమ్మను చెల్లెమ్మా అనీ పిలిచేవాడు. కారుకు జబ్బు లేకపోయినా వచ్చేవాడు, వచ్చేందుకు ఏదో ఒక జబ్బు చెప్పేవాడు. బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగుతుంటే, వాయిదా రోజున గురజాలలో మాకోసం కొన్న పకోడీ పొట్లం ఆయన ఒళ్ళో నూనె కారుతూ ఉండేది.

తూర్పువాళ్ళ ల్యాండ్‌మాస్టర్ పెద్దాయన తండ్రి కాలంనాటిది. ఏళ్ళ తరబడి గొడ్లచావిట్లో పడి ఉండి, వెనక సీటులో కోళ్ళు గుడ్లు పెట్టే దశకు వచ్చాక, దాన్ని మళ్ళీ నడిపించాలని ఆయనకు బుద్ధి పుట్టింది. ఎడ్లను కట్టి లాక్కొచ్చారు. మూడు నెలలు పట్టింది. ఇంజను ముక్కలన్నీ విప్పి గోనెపట్టా మీద పరిచి, ఏ ముక్కా తొక్కకుండా మమ్మల్ని చుట్టూ తిరిగి నడవమనేవాడు నాన్న. తుప్పు గీకి, గుంటలకు లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, తనే కలిపిన పచ్చరంగు కొట్టాడు. రంగు ఆరుతున్న రోజున కోటయ్య మామ కారు చుట్టూ తిరిగి చూశాడు.

"ఇదేం రంగు బావా? జామకాయనుకుని చిలకలొచ్చి పొడుస్తయ్యి."

"మీ తెల్లబండి మీద కొంగలు వాల్తన్నయ్యా ఏంది?" అన్నాడు నాన్న.

రంజాన్ మర్నాడు తూర్పు బజార్లో ఒక పిల్ల పుష్పవతి అయిన వేడుకకు గురజాల నుంచి ఫొటోగ్రాఫర్ వచ్చాడు. తిరిగి వెళుతుంటే అతని స్కూటర్ మా షెడ్డు ముందు ఆగిపోయింది. నాన్న బాగుచేసి ఇచ్చాడు. రీలులో ఒక్క ఫొటో మిగిలిందనీ, కలర్ అనీ, మీ ఇంటిల్లిపాదికీ తీస్తాననీ అన్నాడతను. కారు మర్నాడు యజమాని ఇంటికి పోవాలి. తన చేతి పని తన దగ్గర ఉండే ఆఖరి రోజు అది. నాన్న ఒక్క క్షణం ఆలోచించి, అమ్మను పండగ చీర కట్టుకోమన్నాడు. కోటయ్య మామ ఆవేళ వాళ్ళ పెద్దాయనతో మాచర్ల పోయి ఊళ్ళో లేడు. ఉంటే వద్దనేవాడని తర్వాత అమ్మ అనేది. కారు ఎక్కడం వేరు, పక్కన నిలబడటం వేరు అనుకున్నాడు నాన్న. నేను డోర్ హ్యాండిల్ పట్టుకోబోతే నా చెయ్యి తీసేశాడు. తన చెయ్యి బానెట్ మీద ఉందని మరిచాడు.

కలర్ ఫొటో అప్పటికి మా వైపు కొత్త. పచ్చరంగు అంత బాగా వచ్చేసరికి ఫొటోగ్రాఫర్ దాన్ని పెద్దది చేయించి, గురజాలలో కోర్టుకు పోయే దారిలో ఉన్న తన స్టూడియో అద్దాల బీరువాలో పెట్టాడు. తర్వాతి వాయిదాకు పోయిన పడమటి బజారు వాళ్ళంతా ఆ అద్దం ముందు నిలబడి చూశారట. సాయంత్రానికి మస్తాను తూర్పువాళ్ళలో కలిశాడన్న మాట మాకంటే ముందు ఊరికి తెలిసింది. మస్తాను మా నాన్న పేరు. ఆ వారం అంబాసిడర్ రాలేదు, పడమటి బజారు ట్రాక్టర్లు రాలేదు. షెడ్డు వైపు బండి పోనిస్తే తాళంచెవులు ఇచ్చేసి ఇంటికి పొమ్మని పెద్దాయన అన్నాడని, కోటయ్య మామ భార్య బోరింగు దగ్గర అమ్మతో తలెత్తకుండా చెప్పి బిందె ఎత్తుకుని వెళ్ళిపోయిందట.

నాన్న గురజాల పోయి ఆ ఫొటోను అద్దాల బీరువాలోంచి తీయించాడు. ఫొటోగ్రాఫర్ మారుమాట లేకుండా ఇచ్చేశాడు. అదీ కీడే అయింది. అద్దంలో ఖాళీ అయిన చోటును ఈసారి తూర్పువాళ్ళు చూశారు. వాళ్ళ పెద్దాయన పిలిపించి, మా కారు పక్కన నిలబడటం నామోషీ అయిందా మస్తానూ అని నెమ్మదిగానే అడిగాడట. నాన్న ఏం చెప్పాడో ఇంటికొచ్చి చెప్పలేదు. నెలలోపల ల్యాండ్‌మాస్టర్ కూడా మాచర్ల మెకానిక్ దగ్గరికి పోవడం మొదలుపెట్టింది. గొయ్యిలో నీళ్ళు నిలిచాయి. రెంచీలు పండగ గిన్నెల్లా తోమి గోడకు వేలాడదీసి, నాన్న పొద్దంతా రోడ్డుకేసి చూస్తూ డ్రమ్ము మీద కూర్చునేవాడు.

ఆ వానాకాలంలో ఒక మధ్యాహ్నం జల్లు కొట్టి వెలిశాక, తెల్ల అంబాసిడర్ సరిగ్గా మా షెడ్డు ఎదురుగా, రోడ్డుకు అవతల ఆగిపోయింది. వెనక సీటులో, కిటికీ తెర చాటున, పడమటి బజారు పెద్దాయన ఉన్నాడు. కోటయ్య మామ దిగి బానెట్ ఎత్తాడు. ముందుకొచ్చి, ఇంజనును తిప్పే ఇనప హ్యాండిల్ దూర్చి తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. ఇంజను దగ్గి ఊరుకుంటోంది. నాన్న లేచి గుమ్మంలో నిలబడ్డాడు. మామ ఒక్కసారైనా ఇటు చూడలేదు, ఖాకీ చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఇద్దరి మధ్య రోడ్డంత వెడల్పే. నాన్న అడుగు ముందుకు వేయలేదు. పక్కనున్న నావైపు తిరిగి, రోడ్డు అవతలికి వినబడేంత గట్టిగా అన్నాడు:

"అమ్మాయ్, డిస్ట్రిబ్యూటర్ మూతలోకి వాననీళ్ళు పొయినయ్యి. మూత తీసి పొడిగుడ్డతో తుడిస్తే చాలు."

నాకేం అర్థంకాక తలూపాను. మామ చెయ్యి ఆగింది. కాసేపటికి ఆయన లోపలి జేబులోంచి రుమాలు తీసి బానెట్ కిందికి వంగాడు. ఈసారి హ్యాండిల్ తిప్పగానే ఇంజను అందుకుంది. కిటికీ తెర కదిలింది.

"ఎవరు చెప్పార్రా?" అని లోపల్నించి అడిగాడు పెద్దాయన.

"ఎవురూ చెప్పలా అయ్యా. నాకే తట్టింది," అన్నాడు కోటయ్య మామ. బానెట్ దించి, ఎక్కి, వెళ్ళిపోయాడు.

మామ అబద్ధం చెప్పాడేమని నేనడిగితే, అట్టానే చెప్పాల, లేకపోతే వాడికి పనుండదన్నాడు నాన్న. అన్నం దగ్గర ముద్ద కలిపి, నోట పెట్టకుండా అమ్మతో అన్నాడు: "వాడు నన్ను ఎరగనట్టు బతకాల్సొచ్చే ఊళ్ళో నేనుండలేనే."

పంటలు ఇంటికొచ్చే వేళకు మేం నరసరావుపేట చేరాం. అక్కడ ఇంకొకరి షెడ్డులో నాన్న రోజుకూలీ. మస్తాను మేస్త్రి అని పిలిచేవాళ్ళు లేరు. కొత్త రకం చిన్న కార్లు వచ్చాయి, వాటి పని నేర్పమని నాన్న ఎవరినీ అడగలేదు.

కిందటేడు పనిమీద ఆ ఊరి మీదుగా వెళ్ళాను. షెడ్డు చోట టైల్స్ దుకాణం ఉంది. రెండు పెద్ద ఇళ్ళకూ తాళాలే. ఇప్పుడు ప్రతి బజార్లో కార్లున్నాయి, అన్నీ తెల్లవే, ఎవరిదేదో నంబరు చూస్తేగాని తెలియదు. ల్యాండ్‌మాస్టర్ ఏమైందో చెప్పగలిగినవాళ్ళు లేరు. అంబాసిడర్‌ను నాన్న ఉండగానే తుక్కు కింద కోసి తీసుకుపోయారని మాకు ముందే తెలుసు. కోటయ్య మామ పోయిన సంగతీ ముందే తెలుసు. ఆ కబురు వచ్చేనాటికి నాన్నకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయి ఉంది. చెప్పొద్దని అమ్మ మా చేత ఒట్టు వేయించుకుంది.

నాన్న పోయి ఆరేళ్ళు. ఊరి నుంచి ఎవరొచ్చినా కోటయ్య ఎట్టా ఉన్నాడని ఎన్నడూ అడిగేవాడు కాదు. ఆ తెల్లబండి ఇంకా నడుస్తందా అని మాత్రం అడిగేవాడు. ఆఖరుసారి, మంచం మీద, నన్నే అడిగాడు. "నడుస్తోంది నాన్నా," అన్నాను. ఎవరు నడుపుతున్నారని ఆయన అడగలేదు.