మార్తమ్మ సరిచేసిన ఓవెన్

మార్తమ్మ ఇక లేదన్న వార్త పోయిన గురువారం పొద్దున ఫోనులో విన్నాను. "టీచరమ్మా, మార్తమ్మ పోయిందమ్మా. గుండెల్లో నొప్పి అనింది. ఆసుపత్రికి చేరేలోపలే అయిపోయింది" అన్నాడు ఆమె భర్త యేసుపాదం. తిరుపతిలో మా వంటింట్లో నిలబడి విన్నాను. పొయ్యి మీద పాలు పొంగి కారిపోతున్నా ఆర్పాలని తోచలేదు. చిత్తూరులోని మన బాలికల ఉన్నత పాఠశాలలో ఇరవై ఆరేళ్లు ఆమె సైన్సు ల్యాబు అటెండరు, నేను తెలుగు పంతులమ్మను.

మన బడి పత్రిక చదివే పూర్వ విద్యార్థినుల కళ్లముందు ఆమె రూపం ఇప్పటికీ మెదులుతూనే ఉంటుంది. సన్నంచు నేతచీర, బిగించి చుట్టిన కొంగు, నడుములో దోపిన టెస్టరు. పదో తరగతి తప్పిన ఆ స్త్రీమూర్తి విజ్ఞానశాస్త్రాన్ని ల్యాబు తుడుస్తూ నేర్చుకుంది. నాకన్నా నాలుగేళ్లు పెద్దది. అయినా నన్ను 'మీరు' అనేది, నేను ఆమెను 'నువ్వు' అనేదాన్ని. ఇందులో వింత ఉందని అప్పట్లో నాకు ఒక్కనాడూ అనిపించలేదు.

ల్యాబులో ఒక పాత ఓవెన్ ఉండేది. నాబ్ ఒక అంకె చూపితే లోపల వేడి ఇంకొకటి. మా సైన్సు మాస్టార్లు దాని ముందు నిలబడి శాస్త్రచర్చ చేసేవారు తప్ప దాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు. ఒకరోజు మార్తమ్మ రేకు మీద చెంచాడు చక్కెర పోసి లోపల పెట్టింది. "సూడండి టీచరమ్మా, నూట డెబ్బై అయిదు కాడ చక్కెర పలుకు పలుకుగానే ఉండాల. నూట తొంబై కాడ కరిగి నీళ్లయిపోవాల. ముల్లు చెప్పేది నమ్మద్దండి, చక్కెర చెప్పేది నమ్మండి" అంది. తర్వాత నాబ్ ఊడబీకి, లోపలి చిన్న స్క్రూను రవ్వంత తిప్పి, మళ్లీ చక్కెర పెట్టి, మళ్లీ తిప్పి, సాయంత్రానికి దాన్ని దారికి తెచ్చింది. అంత ఓపిక నేను ఏ పండితుడిలోనూ చూడలేదు.

ఆ తర్వాత ఊళ్లో ఏ ఇంట్లో కేకు అడుగంటినా, బిస్కెట్లు పచ్చిగా మిగిలినా ఆమెకే కబురు వెళ్లేది. బడి వదిలాక టెస్టరు దోపుకుని వెళ్లేది. "మార్తమ్మ చెయ్యి పడితే సరిపోతాది" అని ఆడవాళ్లు చెప్పుకుంటుంటే వినడం ఆమెకు ఎంత ఇష్టమో నాకు తెలుసు. విననట్టు ముఖం పెట్టేది, కానీ పెదవుల చివర నవ్వు దాగేది కాదు. ఆ పేరే ఆమె ఆస్తి.

మా ఇంటి ఓవెన్‌ది లోపల వేడి చాలని జబ్బు. అప్పటికి ఆరేళ్లుగా నూట ఎనభైకి బదులు రెండు వందల ఇరవై పెట్టి నెట్టుకొస్తున్నాను. మార్తమ్మ మనవడి బాప్తిస్మానికి కేకు నేను చేస్తానన్నాను కాబట్టి, ముందురోజు వచ్చి ఆమె దాన్ని విప్పింది. వేడిని పసిగట్టే సన్నని గొట్టం పట్టు తప్పి కాయిల్‌కు ఆనుకుందట. అందుకే వేడి ముందుగానే ఆగిపోతోందట. సరిచేసి, చక్కెరతో పరీక్షించి, వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగింది. "ఇంక నూట ఎనబై అంటే నూట ఎనబైయే టీచరమ్మా. పాత లెక్క మరిసిపోండి" అంది. నేను తల ఊపాను.

మర్నాడు చర్చి నుంచి ఆమె, ఆమె బంధువులు, మన బడి టీచర్లిద్దరు కేకు కోసం మా ఇంటికి వచ్చారు. నేను గదిలో చీర మార్చుకుంటున్నాను. మాడు వాసన తగిలి వంటింట్లోకి పరుగెత్తేసరికి మార్తమ్మ అప్పటికే ఓవెన్ తెరిచి నిలబడి ఉంది. కేకు బొగ్గు. సిగ్గుతో నాకు ఒళ్లు మండిపోయింది. "నువ్వు చెయ్యి పెట్టి దీన్ని పాడుచేశావు" అన్నాను, అందరి ముందూ. ఆమె నావైపు చూసింది. "అవును టీచరమ్మా, తప్పు నాదే" అంది. బేకరీ నుంచి కేకు తెప్పించారు. ఆ మాట ఊరంతా పాకింది. మెల్లగా ఆమెను పిలిచేవాళ్లు తగ్గిపోయారు.

నాలుగు నెలల తర్వాత, ఏం తోచిందో, ఆమె పద్ధతిలోనే నేను చక్కెర పెట్టి చూశాను. నూట డెబ్బై అయిదు దగ్గర పలుకు కదల్లేదు. నూట తొంభై దగ్గర కరిగింది. ఓవెన్ నిక్షేపంగా ఉంది. నా చెయ్యే పాత అలవాటున రెండు వందల ఇరవైకి పోయిందన్నమాట.

ఆమెకు చెప్పలేదు. అహం అడ్డొచ్చింది. పదవీ విరమణ చేసి తిరుపతి వచ్చేశాక ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఆమే ఫోను చేసేది. "ఏం వండినారు టీచరమ్మా?" అనేది. ఈ వారం చెబుదాం అనుకునేదాన్ని, చారు సంగతి చెప్పి పెట్టేసేదాన్ని. ఇలా ఏడేళ్లు. మొన్న ఆదివారం మధ్యాహ్నం రెండు దాకా ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మోగదని తెలుసు. అయినా కూర్చున్నాను.

అంతకుముందే, చిత్తూరులో సమాధి కార్యక్రమం ముగిశాక యేసుపాదం పక్కన కూర్చుని, దాచుకున్న మాట ఆయనకైనా చెప్పాలనుకున్నాను. నోరు విప్పకముందే ఆయన నా చెయ్యి తట్టాడు.

"మార్తమ్మకు తెలుసు లేమ్మా. ఆ పొద్దు ఓవెన్ తలుపు తెరిసింది తనే గదా. నాబ్ రెండు నూర్ల ఇరవై మీద ఉండాదంట. మీరు వచ్చేలోపల, ఎవురూ సూడకుండా సున్నాకు తిప్పేసినాదంట. టీచరమ్మ నలుగురిలో తల దించుకోకూడదు, నాకైతే ఏం కాదులే, అనింది నాతో."

ఆ రోజు మా ఇంట్లో ఉన్నవాళ్లు, వాళ్ల ద్వారా విన్నవాళ్లు ఈ పత్రిక చదువుతారు. వారందరికీ చెబుతున్నాను. మార్తమ్మ నా ఓవెన్‌ను పాడుచేయలేదు. ఆమె చేతిలో పడిన ఏ ఓవెనూ పాడవలేదు. కేకు మాడ్చింది నేను. నింద మోసింది ఆమె. నా అక్షరాలకు ఏపాటి గౌరవం ఉన్నా అదంతా ఆ పుణ్యమూర్తి పాదాల దగ్గర పెడుతున్నాను.

తప్పు నాది, మార్తమ్మా. ఈ మాట ఏ ఆదివారమో ఫోనులో చెప్పి ఉంటే, "పోనీలే టీచరమ్మా" అని నీ గొంతుతో వినేదాన్ని. ఇప్పుడు ఆ మాట నాకు ఎవరు చెబుతారు?