జంఫిరా పరీక్ష రాసిన రోజు

జంఫిరా నా ఆడపడుచు. ముప్పై నాలుగేళ్ల మనిషి, కూతురు చదివే బడిలోనే చిన్నపిల్లల కుర్చీలో మోకాళ్లు ముడుచుకుని కూర్చుని అక్షరాలు నేర్చుకుంది. రుమేనియా నుంచి ఫ్రాన్సులోని లియోన్ వచ్చిన మా రోమా తెగ ఆడవాళ్లలో, మా ఈడు వాళ్లలో, బడి మొహం చూసింది అదొక్కతే. మనవలతో కలిసి కాలేజీకి పోతావా అని నేనే ఎక్కువ ఏడిపించాను. అది పట్టించుకోలేదు. మొగుడు వదిలేసి పోయినా కుంగిపోని ఘటం. మా పిల్లల్ని బడిలో చేర్పించే ఉద్యోగం ఒకటుందంటే, దాని పరీక్ష కోసం మూడేళ్లు చదివింది.

సరిగ్గా పరీక్షకి ముందు రోజే మామగారికి గుండెనొప్పి వచ్చింది. మాలో ఒకరు ఆసుపత్రిలో పడితే అందరూ పనులు మానుకుని అక్కడ ఉండాల్సిందే. నలభై మందిమి వరండా నిండా కూర్చున్నాం. నర్సులు కసురుకున్నా కదల్లేదు. అలాంటప్పుడు లేని మనిషిని మావాళ్లు తమ మనిషనుకోరు.

మర్నాడు పొద్దున మంచం దగ్గర నేనూ జంఫిరా మాత్రమే ఉన్నాం. మామగారు దాని చెయ్యి తట్టారు.

"పో తల్లీ, రాసిరా. నేనెక్కడికీ పోను."

అది వెళ్లింది. పదకొండు గంటలకు ఆయన పోయారు.

తండ్రి ప్రాణం పోతుంటే కాగితాల కోసం పరిగెత్తిందన్నారు మావాళ్లంతా. నాన్నే పొమ్మన్నాడని అది ఏడుస్తూ చెబితే, చచ్చిపోయిన మనిషి మీద అబద్ధాలా అని నా మొగుడు ట్రాయాన్ అరిచాడు. నేను తల దించుకున్నాను. కట్టుకున్నవాణ్ణి నలుగురిలో కాదనడానికి నోరు రాలేదు. తర్వాత చెబుదామనుకున్నాను. రెండేళ్లయింది.

ఉద్యోగం వచ్చింది. ఇంటింటికీ తిరిగి మా పిల్లల్ని బడిలో చేరుస్తుంది. తలుపు తీస్తారు, సంతకం పెడతారు, కూర్చోమనరు. పండగ పూట కూడా తల్లీకూతుళ్లు ఇద్దరే వండుకు తింటారు. మాది ఎదురిల్లే, కిటికీలోంచి చూస్తూనే ఉంటాను.

మొన్న మా చిన్నదాన్ని బడిలో చేర్చే కాగితాలతో మా ఇంటికి వచ్చింది. సంతకం అయ్యాక కూడా కదల్లేదు.

"వదినా, ఆ రోజు నువ్వు పక్కనే ఉన్నావుగా. ఒక్కసారి చెప్పు, చాలు."

ట్రాయాన్ నా వంక చూశాడు. కాఫీ తెస్తానని వంటగదిలోకి తప్పుకున్నాను. మా ఇళ్లలో రోమా కానివాళ్లకి కప్పులు వేరే అరలో ఉంటాయి. టీచరు వచ్చినా, ప్లంబరు వచ్చినా వాటిలోనే పోస్తాం. మొగుడు చూస్తాడన్న భయంతో నా చెయ్యి ఆ అరలోకే పోయింది.

జంఫిరా నేను తెచ్చిచ్చిన ఆ కప్పు వంక చూసింది, నా వంక చూసింది. నిలబడే కాఫీ తాగి, కప్పు తనే కడిగి, ఆ వేరే అరలోనే పెట్టింది.

"సోమవారం ఎనిమిదిన్నరకల్లా పిల్లని పంపు," అంది.

అది మెట్లు దిగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పుడైనా పిలిచి చెప్పేద్దామని తలుపు దాకా వెళ్లాను. ట్రాయాన్ తన కాఫీ ఏదని అడిగాడు. వెనక్కి వచ్చి పోసిచ్చాను.