తెల్ల పొయ్యి మీద ఆరో మచ్చ

ఏడేళ్ల నుంచి ఒక మాట మోస్తున్నాను. చిన్న మాటే. ‘అది నేను చేశాను’ అంటే ఆనాడే అయిపోయేది. ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది హైదరాబాద్ పాతబస్తీ గౌలిపురలో పాలు అమ్ముకునే ఇల్లు. నేను బడికి పోయింది రెండేళ్లే. లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నాను. ఏ బర్రె ఎన్ని లీటర్లిచ్చింది, ఎంత దాణా తిన్నది, అన్నీ నోటుబుక్కులో రాస్తాను. గల్లీలో పాల కొలత మీద లొల్లి వస్తే నన్నే పిలుస్తారు. నా లెక్క తప్పదని పేరు.

ఏడేళ్ల కిందట మా ఇంటికి గ్యాస్ పొయ్యి వచ్చింది. దాని పైపలకకు తెల్లటి ఎనామిల్ పూత, గాజులా నున్నగా ఉండేది. అమ్మ పసుపు కుంకుమ పెట్టి, చక్కెర వేసిన పాలు దాని మీద పొంగించింది. అలా పొంగిన పాలు ఆ రోజంతా తుడవకూడదని మా ఇంట్లో పట్టింపు. వాటి మీదే పాయసం, అన్నం, పప్పు, సాయంత్రం దాకా వంట సాగింది. మర్నాడు చూస్తే పలక మీద ఆరు గోధుమరంగు మచ్చలు. గోరుతో గీకినా కదలలేదు.

కడిగే పని బాలమణిది, అంటే మా తమ్ముడి భార్యది. నేనే ఆమెను ఆపాను. పద్ధతిగా చూద్దామనుకున్నాను. మచ్చకొక వస్తువు: నిమ్మకాయ, చింతపండు, పుల్లమజ్జిగ, ఉప్పు, బట్టల సోడా. ఒక్కోదానికి సరిగ్గా పది నిమిషాలు. బాలమణి తలుపు చాటు నుంచి చెప్పింది, సోడా నీళ్లలో గుడ్డ తడిపి పొద్దున కప్పి ఉంచితే సాయంత్రానికి నాని అదే ఊడొస్తుందని. ఒక్కదానికే ఎక్కువ సమయం ఇస్తే పోలిక చెడుతుందన్నాను. అయిదూ ఓడిపోయాయి. అన్నీ రాసుకున్నాను.

మిగిలింది ఆరో మచ్చ. కొట్టంలో కాలువ కడిగే యాసిడ్ సీసా తెచ్చి నాలుగు చుక్కలు వేశాను. రెండు నిమిషాల్లో మచ్చ పోయింది. దానితోపాటు మెరుపూ పోయి పూత గరుకుగా తేలింది. కంగారుపడ్డాను. నున్న చేద్దామని గడ్డం బ్లేడుతో గీకాను. పావలా బిళ్లంత పెచ్చు లేచిపోయి కింద నల్ల ఇనుము కనబడింది. బ్లేడు జేబులో వేసుకుని, సీసా తీసుకుని కొట్టంలోకి వెళ్లిపోయాను.

కాసేపటికి అమ్మ కేక వినిపించి లోపలికి వచ్చాను.

“బాలమణీ! ఇటుక పొడి పెట్టి తోమినవా ఏందే?”

“లే అత్తమ్మా, నేను ముట్టనే లే. బావ ఉండె గద, అడుగున్రి.”

అమ్మ నా వైపు తిరిగింది. “ఏందిరా, నువ్వు చూసినవా?”

“నాకేం ఎర్క? నేను కొట్టంల ఉన్న.”

“మీ తల్లిగారింట్ల ఇత్తడి బిందెలు తోమినట్టు తోమితే ఆగుతదానే ఇది? ఇగ గ్యాస్ దిక్కు రాకు. నీకు పొట్టు పొయ్యే సరి.”

బాలమణి నా చొక్కా జేబు వైపు ఒకసారి చూసి తల దించుకుంది. బ్లేడు కనబడిందా? ఇప్పటికీ నాకు తెలియదు. అడగలేదు.

అప్పటి నుంచి లోపల గ్యాస్ మీద నా భార్య వండుతుంది. పెరట్లో రేకుల కింద, రంపపు పొట్టు కూరిన పొయ్యి ముందు బాలమణి కూర్చుంటుంది. ఇంటిల్లిపాదికీ జొన్నరొట్టెలు, బర్రెలకు ఉడకబెట్టే దాణా అక్కడే. రోజుకు మూడు గంటల పొగ. పుట్టింటికి పోయే రోజులు ఏడాదికి పదిహేను తీసేసినా, ఏడేళ్లకు ఏడు వేల మూడు వందల యాభై గంటలు. ఇప్పుడామె దగ్గు వీధి గుమ్మం దాకా వినిపిస్తుంది.

ఎందుకు చెప్పలేదు? అమ్మకు భయపడ్డానా? లేదు, నన్ను అమ్మ ఏమీ అనేది కాదు. నవ్వి ఊరుకునేది కూడా. నా భార్యకు పొగ తప్పిందనా? అది కొంత నిజం. కానీ అసలు సంగతి వేరు, లెక్క తప్పని మనిషి ఒక పొయ్యి కడగబోయి పాడుచేశాడని, అందులోనూ తలుపు చాటు నుంచి సరైన ఉపాయం చెప్పిన ఆడమనిషి మాట వినకుండా పాడుచేశాడని గల్లీలో అనుకోవడం నేను ఓర్చుకోలేకపోయాను.

పోయిన నెల పొయ్యి మీద మళ్లీ పాలు పొంగి మాడాయి. ఈసారి సోడా నీళ్ల గుడ్డ పొద్దున కప్పాను. సాయంత్రం ఒక్క తుడుపుకు మచ్చ వచ్చేసింది. వెంటనే, ఆమెకు చెప్పేద్దామని పెరట్లోకి వెళ్లాను.

“ఏం గావాలె బావా?” అంది, ఊదుగొట్టం పక్కన పెట్టి, కళ్లు తుడుచుకుంటూ.

“ఏం లేదు” అని వచ్చేశాను.

ఆమె క్షమిస్తుందో లేదో నాకు తెలియదు. అడిగే మొహం లేదు. ఈ రోజు ఆ పాత నోటుబుక్కు వెతికి తీశాను. అయిదు వరుసలు నిండుగా ఉన్నాయి. ఆరు అని అంకె వేసి ఏడేళ్లుగా వదిలేసిన వరుస ఖాళీగా ఉంది. దాన్ని నింపాను: యాసిడ్, నాలుగు చుక్కలు, రెండు నిమిషాలు. తర్వాత బ్లేడు. పూత పోయింది. పోగొట్టింది నేను.

చెయ్యి కొంచెం తేలికైంది. పెరట్లో దగ్గు వినిపిస్తూనే ఉంది.