పక్కకు జరిగిన గీతలు

మా అమ్మాయి పోయి నెల దాటింది. మస్కట్‌లో ఉన్న మనవాళ్లు చాలామంది వచ్చి ప్రార్థన చేసి వెళ్లారు. రాలేనివాళ్లకు, దూరాన ఉన్నవాళ్లకు తెలియాలని ఇది రాస్తున్నాను. నేను ఐదో తరగతి దాకానే చదివాను. రాత ఎలా ఉన్నా మనసు పెట్టి చదవండి.

మన రాష్ట్రం రెండైన ఏడాది మా అమ్మాయి ఇక్కడే అల్ ఖౌద్ వైపు ఒక కాలేజీలో జీఐఎస్ డిప్లొమాలో చేరింది. రెండేళ్ల చదువు. ఆకాశం నుంచి తీసిన ఫోటోల మీద ఇళ్లూ రోడ్లూ వాగులూ కంప్యూటర్లో గీసి మ్యాపు తయారుచేయడం. నేను రూవిలో ఒక ఆసుపత్రిలో ఆయాను. దాన్ని నర్సుగా, తెల్లబట్టల్లో చూడాలని నా ఆశ.

"గీతలు గీస్తే ఎవడిస్తాడే ఉద్యోగం?" అన్నాను.

"గీతల్లేకపోతే మీ అంబులెన్సు ఏ ఇంటికి పోవాలో ఎట్టా తెలుద్దమ్మా?" అంది.

ఒకసారి మేముండే బిల్డింగును పైనుంచి తీసిన ఫోటో చూపించింది. డాబా మీద తెల్లగా ఏదో ఉంది. "నువ్వు ఆరేసిన దుప్పటే" అంది. ఆ రోజు నుంచి బట్టలు ఇంట్లోనే ఆరేశాను. వారం పోయాక గాని చెప్పలేదు, "ఆ ఫోటో పాతదమ్మా, అప్పటికి మనం ఈ ఇంట్లోకి రానేలేదు" అని. ఆ వారమంతా తండ్రీ కూతుళ్లు నన్ను చూసి నవ్వుకున్నారట.

బస్సెక్కితే ఎండ ఏ వైపు వస్తుందో ముందే చెప్పి నన్ను నీడలో కూర్చోబెట్టేది. గిన్నె మీద మూత వంకరగా ఉన్నా సరిచేసేది. "ఉన్నదాన్ని ఉన్నచోటే గీయాలమ్మా, వెంట్రుకవాసి జరిగినా అబద్ధమే" అనేది.

అలాంటి పిల్ల రెండో ఏడు గీతలు తప్పుగా గీయడం మొదలుపెట్టింది. వాళ్ల సారు పని వెనక్కి ఇచ్చేశారు. ఇళ్ల కప్పుల చుట్టూ ఉండాల్సిన గీతలు పక్కన ఖాళీ నేల మీద పడుతున్నాయట.

"ఒక్క ఇల్లు రెండుగా కనపడతందమ్మా. తలనొప్పిగా కూడా ఉంటంది."

"పొద్దస్తమానం ఆ స్క్రీను చూస్తే రెండేం ఖర్మ, నాలుగు కనపడతాయి" అన్నాను. బామ్ రాశాను. కంప్యూటరు చార్జరు తీసి బియ్యం డబ్బాలో దాచాను. "మీ ఆసుపత్రిలో ఒకసారి చూపించమ్మా" అని అడిగింది. "పరీక్షలు అయిపోనీ" అన్నాను. డాక్టరుగారి గది రోజుకు రెండుసార్లు తుడిచేదాన్ని. నా బిడ్డను మాత్రం ఆ గదిలోకి తీసుకెళ్లలేదు.

క్లాసులో పడిపోయాక స్కానింగ్ తీశారు. తలలో గడ్డ. రెండుగా కనపడటం ఎప్పటినుంచని డాక్టరు అడిగితే నేను చెప్పలేకపోయాను. వాళ్ల సారు, తమిళాయన, దాని పాత పనంతా తెచ్చి వరసగా చూపించారు. మొదట్లో ప్రతి గీతా కప్పు అంచునే ఉంది. క్రిస్మస్ ముందు నుంచి కొంచెం కొంచెంగా పక్కకు జరిగింది. అప్పటికి నాలుగు నెలలు.

"నేను కేర్‌లెస్ అని రాసినానమ్మా" అని సారు తల దించుకున్నారు. ఆయన కాయితం మీద రాశారు. నేను దాని మొహానే అన్నాను.

అది పోయాక, ముందే తెస్తే బతికేదా అని అడిగాను. చెప్పలేమన్నారు డాక్టరు. బతికేది కాదని చెప్పి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్నేమో.

ఇప్పుడు మళ్లీ డ్యూటీకి వెళ్తున్నాను. మొన్న ఓపీ బెంచీ మీద ఒక పిల్ల నుదురు పట్టుకుని కూర్చుంది. పక్కన వాళ్లమ్మ ఫోనులో మాట్లాడుతోంది. తుడవడం ఆపి, చీటీ తీసుకున్నారా అని నాకొచ్చిన హిందీలో అడిగాను. తీసుకున్నామంది. అయినా అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు. సూపర్‌వైజరు రెండుసార్లు పిలిచింది. నేల తుడిచే కర్ర పట్టుకుని నిలబడే ఉన్నాను. ఆ పిల్ల పేరు పిలిచేసరికి నా చుట్టూ తడి నేలంతా ఆరిపోయింది.