తాళం బయట, నిద్ర లోపల

తాళంచెవి తిప్పాను. టక్కుమంది. తాళం ఊడలేదు గానీ, చెవి తల మాత్రం నా వేళ్ల మధ్యకు వచ్చేసింది. మిగతా ముక్క తాళంకప్పలోనే ఉండిపోయింది. దాన్ని అట్లా చూస్తూ నిలబడ్డప్పుడే ముక్కుకు పాల వాసన తగిలింది. సన్న సెగ మీద పాలు పెట్టి వచ్చానని అప్పుడు గుర్తొచ్చింది. లోపల మా ఆయన నిద్రపోతున్నాడు. ఆయన పక్కన మూడేళ్ల మా పాప.

ఇంట్లో మనుషులుండగా బయట తాళమెందుకు వేశావని మా అమ్మ ఇప్పటికీ ఫోన్‌లో అడుగుతుంది. మా పుట్టిల్లు నర్మెట్ట వైపు. అక్కడ మనుషులు రాత్రి నిద్ర రాత్రే పోతారు. భూపాలపల్లి బొగ్గుబాయి క్వార్టర్లలో ఆ భాగ్యం లేదు. నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన మనిషి తెల్లారాక పడుకుంటాడు. తలుపు తీసి ఉంటే దోస్తులు వచ్చి మంచం మీద కూర్చుంటారు. లోపల గడియ పెట్టుకుంటే తీసేదాకా బాదుతారు. తాళం కనబడితేనే వెనక్కి తిరుగుతారు. అందుకే మా లైనులో ఆడవాళ్లం కూరగాయలకు పోయినా తాళం వేసే పోతాం. కొత్తగా వచ్చినవాళ్లకు వింతగా ఉంటుంది. తలుపులన్నిటికీ తాళాలు, లోపలి నుంచి గురకలు.

ఆ పొద్దు నేను పోయింది వీధి చివర, మా బాబును బడి ఆటో ఎక్కించడానికే. పాలు కాగేలోపు వచ్చేస్తాననుకున్నాను. ఆటో ఆలస్యమైంది.

పక్కింటి అవ్వ నా ముఖం చూసి వచ్చింది.

"ఏమైందే పిల్లా, గట్ల నిలవడ్డవు?"

"చెవి ఇరిగింది అవ్వా. స్టవ్ మీద పాలున్నయి."

"గింతేనా? నూనె పోత్తే అదే ఎల్తది," అని లోపలికి పోయి కొబ్బరినూనె సీసా పట్టుకొచ్చింది. నేను వద్దనేలోపే సగం సీసా తాళంలోకి వంపింది. ముక్క రాలేదు. నూనె మాత్రం తలుపు మీద నుంచి గడప దాకా కారింది.

ఎదురింటాయనకు ఆ రోజు సెలవు. నన్ను చెల్లె అంటాడు, ఆ వరసన మా ఆయనను బావ అంటాడు. ఆయన సుత్తెతో వచ్చాడు. "జరుగు చెల్లె, ఒక్క దెబ్బల పోతది," అన్నాడు. ఒక్క దెబ్బలో పోలేదు. చాలా దెబ్బల్లో కూడా పోలేదు. ఆ తాళం మా అత్తమ్మ జనగామలో కొన్నది. ఏనుగు తొక్కినా పగలదని షావుకారు చెప్పాడట. పెళ్లయిన కొత్తలో ఆ మాటకు నవ్వాను. గొళ్లెం ఊడదీద్దామంటే బోల్టులు లోపలివైపు ఉన్నాయి.

అంత చప్పుడైనా మా ఆయన కదల్లేదు. రాత్రంతా బాయిలో పేలుళ్ల మధ్య పనిచేసే మనిషికి ఒక సుత్తె ఏ మూలకు? పైగా ఇంట్లో కూలర్ మోత. ఫోన్ చేద్దామంటే, దాన్ని సైలెంట్‌లో పెట్టి బియ్యం డబ్బా మీద దాచింది నేనే.

వెనక కిటికీ దగ్గరికి పరుగెత్తాను. దోమల జాలిలోంచి వంటిల్లు మసకగా కనబడింది. గిన్నె అంచు దాకా నురగ వచ్చింది. ఆ పక్కనే మా పాప, నిద్రముఖంతో, నా చున్నీ కప్పుకొని నిలబడి ఉంది.

"బిడ్డా, పొయ్యి దగ్గరికి పోకు! పోయి నాయినను లేపు!"

పాప వేలు పెదవుల మీద పెట్టుకుంది. "ష్! నాయిన పండుకున్నడు."

"తెలుసు బిడ్డా. లేపు. జల్ది లేపు."

"వద్దు. అమ్మ కొడ్తది."

"నేనేనే అమ్మను!"

పాప కాసేపు ఆలోచించింది. "అమ్మ బయటికి పోయింది," అంది.

నాయిన పడుకుంటే ఎవరు పిలిచినా, ఎంత పిలిచినా లేపొద్దని రోజూ పొద్దున నూరిపోసింది నేనే. ఇన్నాళ్లలో నేను చెప్పిన ఏ మాటా ఆ పిల్ల వినలేదు. ఇదొక్కటి విన్నది.

నేను బతిమాలుతుండగానే పాలు పొంగాయి. స్టవ్ మీద చుయ్యిమన్నాయి. మంట ఆరిందో, మండుతోందో జాలిలోంచి తెలియలేదు. ఆరిపోతే గ్యాస్ వస్తూనే ఉంటుంది. లోపల ఇద్దరున్నారు. "అన్నా!" అని అరిచాను. ఆ అరుపు నాదేనని నాకే తెలియలేదు.

ఎదురింటాయన వచ్చి నా ముఖం చూశాడు. సుత్తె కింద పడేసి పడకగది కిటికీ దగ్గరికి పోయాడు. అరవలేదు, కొట్టలేదు. కిటికీకి నోరు పెట్టి, పక్కన కూర్చుని కబురు చెబుతున్నట్టు అన్నాడు:

"ఏంది బావా, రాత్రి నీకు మస్టర్ పడలేదటనే?"

మస్టర్ అంటే బాయి మీద హాజరు. అది పడకపోతే రాత్రంతా చేసిన కష్టం లెక్కలోకి రాదు.

మంచం కిర్రుమంది. "ఎవడన్నడు?" అంటూ మా ఆయన లుంగీ పట్టుకుని లేచాడు. కళ్లు తెరిచాడో లేదో గానీ, నేరుగా ముందు తలుపు మీదికి పోయి దాన్ని గుంజడం మొదలుపెట్టాడు.

"మస్టర్ తర్వాత! ముందు గ్యాస్ బంద్ చెయ్యి!" అని నేను, అవ్వ, ఎదురింటాయన ముగ్గురం కిటికీలోంచి ఒకేసారి అరిచాం.

అప్పటికి మెలకువ వచ్చింది. మంట ఆరే ఉందట. స్టవ్ కట్టేసి, రెగ్యులేటర్ తీసేసి, కిటికీ రెక్కలు పూర్తిగా తెరిచి, పాపను ఎత్తుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు. పాప నన్ను చూసి మొదట చెప్పిన మాట: "అమ్మా, మామ నాయినను లేపిండు."

ఇక తాళం మిగిలింది. ఇప్పుడు తొందర లేదు కాబట్టి దాన్ని సరిగ్గా చూశాను. చెవి సగం తిరిగి విరిగింది. అడ్డంగా ఉన్న ముక్క రంధ్రంలోంచి ఎట్లా వస్తుంది? ఎదురింటి నుంచి తెచ్చిన సన్న స్క్రూడ్రైవర్ మొనతో దాన్ని నెమ్మదిగా వెనక్కి, నిలువుగా తిప్పాను. గాజులకు పెట్టుకున్న రెండు పిన్నీసులు తీసి, విప్పి, ముక్కకు అటొకటి ఇటొకటి దూర్చి, రెంటినీ కలిపి నొక్కి లాగాను. రెండుసార్లు జారింది. మూడోసారి జిడ్డుగా మెరుస్తూ నా అరచేతిలోకి వచ్చింది.

"చెప్పలే? నూనె పోత్తే అదే ఎల్తది," అంది అవ్వ.

రెండో తాళంచెవిని మా ఆయన తలుపు కింద సందులోంచి బయటికి తోశాడు. అది ఇన్నాళ్లూ లోపల మేకుకే వేలాడుతోంది. తలుపు తెరవగానే పాపను గట్టిగా పట్టుకుని ఏడ్చాను. మా ఆయన మాత్రం ఎదురింటాయనను పక్కకు పిలిచి, "నిజంగనే మస్టర్ పడలేదా?" అని అడిగాడు.

ఆ రాత్రి ఆయన డ్యూటీకి పోయాక నాకు నిద్ర పట్టలేదు. రెగ్యులేటర్ చూశాను, పడుకున్నాను, మళ్లీ లేచి చూశాను. తాళం పగలనందుకు కాదు నా భయం. నేను చెప్పిన మాట నా పిల్ల అంత గట్టిగా పట్టుకున్నందుకు.

తెల్లారి ఆయన వచ్చి పడుకున్నాక పిల్లలిద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను. "ఇగ నుంచి ఇంట్ల ఎవరున్నా తాళం వెయ్య. నాయిన పండుకున్నా సరే, భయమైతే లేపుండ్రి. వాసనొస్తే లేపుండ్రి. నేను వద్దన్న పనైనా సరే, భయమైతే చెయ్యుండ్రి. నేను కొట్ట," అన్నాను.

బాబు తలూపాడు. పాప మంచం వైపు చూసి, "ఇప్పుడు లేపాల్నా?" అంది.

"ఇప్పుడొద్దు తల్లీ," అన్నాను, గొంతు తగ్గించి.