గుడివాడ ప్యాసింజరులో స్వెట్టరు

చిన్నప్పుడు నాకు బాగా అబ్బిన విద్య ఒకటుంది: మనుషులను చులకనగా చూడడం. నేర్పింది మా చిన్న మామయ్య. డెబ్భైలలో, నాకు పదేళ్లప్పుడు, బెజవాడలో చదివితేనే చదువని మా అమ్మ పట్టుబట్టింది. మామయ్య వన్ టౌన్‌లో ఒక బట్టల కొట్టులో గుమాస్తా. రోజూ పొద్దున్నే గుడివాడ ప్యాసింజరులో ఆయన వెంట వెళ్లి, సాయంత్రం ఆయనతోనే తిరిగి వచ్చేదాన్ని.

రైల్లో మామయ్యకు ముగ్గురు స్నేహితులు. మోకాళ్ల మీద తువ్వాలు పరచి పేకాడేవారు. వేరుశనగ తొక్కలు కాళ్ల కిందే ఊదేవారు. ఎక్కిన ప్రతి మనిషికీ ఒక పేరు పెట్టి నవ్వేవారు. పగలంతా యజమాని ముందు చేతులు కట్టుకుని నిలబడే ఈ నలుగురూ ఆ గంటన్నర మాత్రం మహారాజులు. ఈ సంగతి నాకు తర్వాతెప్పుడో అర్థమైంది. అప్పట్లో వాళ్లు నవ్వితే నేనూ నవ్వేదాన్ని.

వాళ్లకు అందరికన్నా లోకువైన మనిషి ఇందుపల్లిలో ఎక్కే ఒక టైపిస్టు. ముప్పై ఏళ్లుంటాయేమో. కిటికీ పక్కన కూర్చుని, సంచీలోంచి రెండు సూదులూ ముదురాకుపచ్చ ఉన్నీ తీసి స్వెట్టరు అల్లుకునేది. క్రాసింగు కోసం బండి ఉప్పలూరులో ఆగిపోయి అందరూ విసుక్కుంటున్నా ఆవిడ తల ఎత్తేది కాదు. కృష్ణా జిల్లా ఎండల్లో స్వెట్టరు! పైగా అది ఎన్నాళ్లకూ పూర్తయ్యేది కాదు. మెడదాకా వచ్చిందనుకుంటే, వారం తిరిగేసరికి మళ్లీ కింది అంచు దగ్గరే కనిపించేది. పిచ్చిదని తేల్చేశారు మావాళ్లు.

"ఏమండీ, మా గేదె చలికి వణికిపోతోంది. దానికీ ఒకటి అల్లిపెడతారా?" అన్నాడొక రోజు మామయ్య స్నేహితుడు. పెట్టెంతా గొల్లుమంది. ఆవిడ పెదవులు కదుపుతూ వరసలు లెక్కపెట్టుకుంటూనే ఉంది. ఇంతలో బండి కుదుపుకు ఉన్ని ఉండ ఆవిడ ఒళ్లోంచి జారి నా కాళ్ల దగ్గరికి దొర్లింది. తీసి ఇవ్వబోయాను. అందరూ నన్నే చూస్తున్నారు. ఆ చూపులు నాకు ఎంతో బాగున్నాయి. ఉండను కిటికీ ఊచల్లోంచి బయటికి విసిరేశాను.

ఉన్ని సర్రున పోయింది. ఆవిడ గబుక్కున పోగు పట్టుకుంది కానీ, ఉండ ఎక్కడో తుమ్మకంపకు తగులుకుంది కాబోలు, పుటుక్కున తెగింది.

"శభాషే!" అని మామయ్య నా వీపు తట్టాడు.

ఆవిడ నన్ను తిట్టలేదు. సూదులు లాగేసి, అల్లిందంతా విప్పడం మొదలుపెట్టింది. "పాపా, ఇలా వచ్చి కూర్చో. చేతులు చాపు" అంది. కోపం లేదు గానీ, కాదనడానికి వీల్లేని గొంతు. విప్పిన ఉన్నిని నా రెండు చేతులకూ చుట్టసాగింది. నిడమానూరు వచ్చేసరికి చేతులు కట్టేసినట్టయింది.

"మొత్తం విప్పేస్తున్నారేంటండీ?" అన్నాను.

"ఇది ఐదోసారి. ఒక్క స్వెట్టరుకు సరిపడా ఉన్నే ఉంది నా దగ్గర. పూర్తయితే విప్పేసి ఇంకో డిజైను మొదలుపెడతా."

"మరి ఎవరికండీ?"

ఆవిడ నా చేతులకు ఇంకో చుట్టు చుట్టింది. "ఇంట్లో మా అత్తగారు చెప్పిందే వండాలి. ఆఫీసులో ఆఫీసరుగారు రాసిచ్చిందే కొట్టాలి. మధ్యలో ఈ కాసేపే నాకు నచ్చింది చేసుకునేది. ఎవరికని అడిగితే ఏం చెప్పనమ్మా?" నా చేతుల మీది ఉన్నిని కళ్లతోనే తూచింది. "ఇక చేతుల్లేని స్వెట్టరే అవుతుంది. అంతేలే."

నాకు కన్నీళ్లు ఆగలేదు. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. ఆవిడే కొంగుతో తుడిచింది.

"ఏమే, దొరికిపోయావా?" అని అటునుంచి మామయ్య అరిచాడు. నలుగురూ ఎప్పటిలాగే నవ్వారు. అన్నాళ్లూ గొప్పగా తోచిన ఆ నవ్వు ఎంత చవకబారుదో మొదటిసారి వినిపించింది. వాళ్లకన్నా నేనే చవకబారుదాన్ని. వాళ్లు మాటలే అన్నారు, చేసింది నేను.

బెజవాడలో దిగేటప్పుడు క్షమించమని ఎలా అడగాలో తెలియక, "రేపు మీ పక్కన కూర్చుంటానండీ" అన్నాను. "కూర్చో" అంది. ఆ ఏడాదంతా అక్కడే కూర్చున్నాను. నేర్పించింది కూడా, కానీ అల్లిక నాకు పట్టుబడలేదు. మామయ్య మాత్రం ఆ కొట్టులో పని మానేదాకా, అదే బండిలో అవే వెక్కిరింతలతో కాలం గడిపాడు. అంతకుమించి ఆయన ప్రయాణాల గురించి చెప్పడానికి ఏమీ లేదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. నలుగురు కూడి ఒక్క మనిషిని చూసి నవ్వే చోట నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. లేచి వెళ్లి ఆ మనిషి పక్కన కూర్చుంటాను. చేసుకుంటున్న పని ఎవరికోసమని మాత్రం అడగను.