కొవ్వు బుడగల్లో మందు, అక్కయ్య ఆముదం

నా భార్యకు అండాశయ క్యాన్సర్ తిరగబెట్టింది. పాత మందులు పనిచేయడం మానేశాయి. గుంటూరు డాక్టరుగారు కొత్తది మొదలుపెడుతూ, ఆశలన్నీ ఇక దీనిమీదేనని చెప్పారు. ఏ మందు ఎలా పనిచేస్తుందో అడిగి, తేదీ వేసి రాసుకోవడం నా అలవాటు. ఆయన ఓపికగానే చెప్పారు: మన కణాల పొర కొవ్వుతో అయినదట, అలాంటి కొవ్వుతోనే కంటికి కనబడని బుడగలు చేసి, వాటిలో మందు పెట్టి నరానికి ఎక్కిస్తారట. విడిగా ఎక్కిస్తే గుండెను దెబ్బతీసే మందు, బుడగలో ఉంటే కొంత మర్యాదగా నడుచుకుంటుందట.

ఇదంతా ఇంటికి వచ్చి అక్కయ్యకు చదివి వినిపించాను. ప్రత్తిపాడు చుట్టుపక్కల వైద్యం చదవకుండానే పారంగతులైనవారిలో ఆమె అగ్రగణ్యురాలు.

"కొవ్వా? ముందే చెప్పవేంరా! నెయ్యి పోస్తే ఇంకా బాగా పడుతుంది."

నరంలోకి వెళ్లే మందుకూ, కడుపులోకి వెళ్లే నెయ్యికీ పరిచయం లేదని సవినయంగా మనవి చేశాను.

"నువ్వు రాసుకో. నేను వడ్డిస్తా," అంది.

రెండో విడత తరువాత నా భార్య అరచేతులు ఎర్రబడి మండసాగాయి. అవి మిరప కోతల రోజులు. మా ప్రాంతంలో చేతులు మండితే కారణం వెతికే శ్రమ ఎవరూ పడరు. మిరపకాయ అని ఒక్కమాట అనేస్తే విచారణ ముగిసినట్లే. చికిత్సా సిద్ధమే: ఆముదం పట్టించి, కారం దిగేదాకా రుద్ది, వేడినీళ్లతో కడగడం. అక్కయ్య పూటపూటా నిష్ఠగా రుద్దింది.

"కల్లం దగ్గరికి వెళ్లొద్దని చెప్పానా లేదా? కాయ ముట్టుకుంటే మండదా మరి!"

"ముట్టుకున్నాను వదినా," అంది నా భార్య, గడప దాటని మనిషి.

పాదాలు కూడా ఎర్రబడి, అరచేతుల తోలు ఊడడం మొదలయ్యాక నిలదీశాను. "కాళ్లతో కూడా తొడిమలు తీశావా?"

"డాక్టరుగారికి చెబితే మందు ఆపేస్తారండీ. ఇదీ పోతే నాకింకేముంది?"

మర్నాడే ముగ్గురం గుంటూరు వెళ్లాం.

"మిరపకాయ మంటండీ. రోజూ రుద్దుతూనే ఉన్నాం," అని అక్కయ్య సగర్వంగా నివేదించింది.

"రుద్దుతున్నారా?" డాక్టరుగారు కళ్లజోడు తీశారు. ఆ బుడగలు రక్తంలో చాలాకాలం తిరుగుతాయట. అరచేతుల్లో, అరికాళ్లలో సన్నటి రక్తనాళాల నుంచి బయటికి కారి చర్మాన్ని కాలుస్తాయట. రాపిడీ వేడీ తగిలితే అక్కడికే మరింత మందు చేరుతుందట.

"ఆపేస్తారాండీ?" అడిగింది నా భార్య.

"ఆపనమ్మా. చర్మం మానేదాకా వాయిదా వేసి, మోతాదు తగ్గిస్తాను. ఇంకా కొన్నాళ్లు దాచి ఉంటే మాత్రం నిజంగానే ఆపాల్సి వచ్చేది."

బయట బెంచీమీద కూర్చున్నాక అక్కయ్యకు కోపం ఆగలేదు.

"అంత చదువుకున్న బుడగకి జబ్బెక్కడుందో తెలియదా? దిగడానికి అరచెయ్యే దొరికిందా?"

ఆ మందును గురించి నేను విన్న ప్రశ్నలన్నింటిలో న్యాయమైనది అదే. తేదీ వేసి రాసుకున్నాను.

నా భార్య ఎన్నాళ్లకో నవ్వింది. "వదినా, చల్లటి నీళ్లు తాగించవూ. సీసా పట్టుకోలేను."

అక్కయ్య మూత తీసి, తనే పట్టుకుని తాగించింది. చేతులను మాత్రం తాకలేదు.